మనుషుల్ని వాయించి చూసిన మేస్త్రి

మార్కాపురం పలకల గనుల్లో ముప్పయ్యేళ్ళు మేస్త్రిగిరీ చేసిన మాలకొండయ్యకు రెండు విద్యలు వచ్చని ఆ చుట్టుపక్కల పేరు. మొదటిది నిజంగానే వచ్చు. రెండోది వచ్చని ఆయన అనుకునేవాడు. మేస్త్రి గట్టిగా అనుకున్నాడు కాబట్టి కూలీలు కూడా అనుకోక తప్పలేదు.

మొదటిది రాతి విద్య. గనిలోంచి పెళ్ళగించిన బండను ఒడ్డుకు చేర్చగానే మాలకొండయ్య దాని పక్కన గొంతుక్కూర్చుని, సుత్తి పిడితో రెండు చోట్ల తట్టి, చెవి ఆనించి వినేవాడు. విని, ఇది ముప్పై పలకలకు పొర విడుస్తుందనో, ఇది సగంలో పగుల్తుంది గోడలకు పంపించమనో తేల్చేసేవాడు. ఆ మాట తప్పిపోవడం ఎవరూ ఎరగరు. బయటినుంచి చూస్తే అన్ని బండలూ ఒక్కలాగే ఉంటాయి. పొరలన్నీ రాయి పుట్టినప్పుడే పడిపోతాయి, ఉలి పెట్టేవాడు వాటిని విడదీస్తాడే గాని కొత్తగా పెట్టలేడు. ఇది ఆయన చేతులకు తెలిసిన సత్యం.

చిక్కంతా ఆ సత్యాన్ని ఆయన అక్కడితో ఆపకపోవడంలో వచ్చింది. మనిషి కూడా అంతేనన్నాడు. పుట్టుకతో పడిన గుణం కాటికి పోయేదాకా మారదని, తెలిసినవాడు ఒక్కసారి వాయించి చూస్తే చాలునని ఆయన సిద్ధాంతం. పొదిలి సంతలో ఒక నాటువైద్యుడు మనుషులు వాతం, పైత్యం, శ్లేష్మం అని మూడే రకాలని చెబుతుంటే నిలబడి విన్నాడు. మూడు రకాలు తన గనికి చాలవనిపించింది. దారిలో నడుస్తూనే ఇంకో పన్నెండు కలుపుకున్నాడు.

కొత్త కూలీ పనికి వస్తే మాలకొండయ్య ఊరూ పేరూ అడిగేవాడు కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతిలో సుత్తిని వాడి కాళ్ళ ముందు పడేసేవాడు. వెనక్కి గెంతినవాడు పిరికి. కదలకుండా నిలబడినవాడు మొండి. వంగి తీసి ఇచ్చినవాడు అణకువ గలవాడు. సుత్తిని వదిలేసి మేస్త్రి మొహంలోకి చూసినవాడు దొంగబుద్ధి వాడు. ఒకసారి పెద్దారవీడు వైపునుంచి చూపు సరిగా ఆనని ముసలాయన ఒకడు వచ్చాడు. సుత్తి పడడం ఆయనకు కనపడలేదు, బొటనవేలి మీద పడి గోరు ఊడింది. నొప్పికి మాట రాక నిలబడిపోయిన ఆ మనిషిని మాలకొండయ్య గొప్ప ఓర్పు గలవాడని మెచ్చుకుని అప్పటికప్పుడు పనిలో పెట్టుకున్నాడు.

ఇవన్నీ గుర్తుండొద్దూ? అందుకని షెడ్డు గోడకు వరసగా మేకులు కొట్టించాడు. అంచు విరిగి అమ్మకానికి పనికిరాని పలకలు ఏరి, కూలీకి ఒకటి చొప్పున తగిలించి, పేరు రాసి, కింద గుణం రాసేవాడు. కోపిష్టి. బద్ధకస్తుడు. గొణుగుడు మనిషి. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆ గోడ చూసి చెప్పేవాడు. చురుకైనవాళ్ళకు గని ఒడ్డున, తాటాకు పందిరి కింద పని. బద్ధకస్తులకు గని అడుగున పని. ఆ అడుగున గాలి ఆడదు, కాళ్ళ కింద రాయి పెనంలా కాలుతుంటుంది. అక్కడ దిగినవాడు ఎవడైనా మధ్యాహ్నానికి చేతులు ఈడ్చుకుంటూనే కదులుతాడు. మేస్త్రి పైనుంచి వంగి చూసి, తను రాసింది ఎంత నిజమో చూడమని పక్కవాళ్ళకు చూపించేవాడు.

గోడ మీద అన్నిటికంటే పైమేకుకు ఒక పలక ఉండేది. అది ఆయనదే. దాని మీద ధర్మబుద్ధి అని ఉండేది. రాసుకున్నదీ ఆయనే.

ఈ ధర్మబుద్ధి గల మనిషి గొంతు గనిలో అరిస్తే అవతలి ఒడ్డున మేకలు బెదిరేవి. ఇంటికెళ్తే మాత్రం భార్య గోవిందమ్మను మజ్జిగ ఇంకొంచెం పొయ్యమని నోటితో అడిగే ధైర్యం లేక, విస్తరి వైపు చూసి ఊరుకునేవాడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషని ఆమె నలుగురిలో జాలిపడితే, పక్కనే ఉన్న గని కూలీలు నవ్వాపుకోలేక తలలు తిప్పుకున్నారు. ఒకే మనిషి రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్నాడంటే ఇంకొకడైతే కాసేపు ఆలోచనలో పడేవాడు. మాలకొండయ్య పడలేదు. గోవిందమ్మది గయ్యాళి గుణం, అందువల్ల తన గుణం ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకుంటున్నదని సర్దుకున్నాడు.

ఇదంతా మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లా కింద, కర్నూలు మద్రాసు కింద ఉన్న రోజుల మాట. ఆ యేడు వరసగా మూడోసారి వానలు మొహం చాటేశాయి. బేస్తవారిపేట వైపునుంచి కూడా జనం గని కూలికి వచ్చి పడ్డారు. అటు మద్రాసులో బడులు తెరిచేలోపు సరుకు రైలెక్కాలని గని యజమాని వెంకటసుబ్బయ్య శెట్టి తొందర. దాంతో నడి ఎండల్లో ఎన్నడూ లేనంత పని నడిచింది.

దగ్గరి బావులన్నీ ఎండిపోయాయి. దూరంనుంచి ఒక్క కావడి మనిషి పొద్దుటినుంచి నీళ్ళు మోసి రెండు కుండల్లో పోసేవాడు. ఒకటి షెడ్డు కుండ. నీడన కూర్చుని పలకలు కోసే ఊరివాళ్ళది. రెండోది గని కుండ. గనిలోకి దిగి బండలు పెళ్ళగించే ఊరవతలి పాలెం క్రైస్తవులది. షెడ్డులో పన్నెండుమంది, గనిలో నలభై రెండుమంది. షెడ్డు కుండలో సాయంత్రానికి మిగిలిన నీళ్ళు దుమ్ము లేవకుండా నేల మీద చల్లేవారు. గని కుండ మూడింటికే ఎండిపోయేది. పాలెం వాళ్ళు షెడ్డు కుండ ముట్టరు, ఊరివాళ్ళు ముట్టనివ్వరు. ఈ ఏర్పాటు ఎవరి గుణంలో ఉందో రాయడానికి మాత్రం గోడ మీద పలక లేదు.

వైశాఖంలో ఒకరోజు గని కుండ దగ్గర తోపులాట జరిగి కుండ పగిలింది. సరిగ్గా అప్పుడే శెట్టి జట్కా దిగాడు. ఆయన అరవలేదు. ఇంకోసారి కుండ దగ్గర గలాటా అయిందని తన చెవిన పడితే మేస్త్రినే మార్చేస్తానని మెల్లగా చెప్పి మళ్ళీ జట్కా ఎక్కాడు. మాలకొండయ్య లెక్క వేసుకున్నాడు. మేస్త్రిగిరీ పోతే ఈ వయసులో తనూ సుత్తి పట్టుకుని గనిలోకి దిగాలి. గనిలో ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు, ఆ దిగడం తప్పించుకోవడానికే జీవితమంతా కష్టపడ్డాడు.

కొత్తగా తెచ్చిన కుండకు ఒక కాపలా మనిషి కావాలనుకున్నాడు. వాడు తప్ప ఎవరూ ముంత ముట్టకూడదు. పొద్దుగూకేదాకా కుండలో నీళ్ళుండాలి, ముందే అయిపోతే ఆ రోజు కాపలా మనిషికి హాజరు వెయ్యరు. ఈ షరతు పెట్టడానికి మాలకొండయ్యకు చుట్ట ముట్టించుకున్నంతసేపు పట్టింది. తగిన గుణం గల మనిషిని గోడ మీద వెతకడానికి మాత్రం నాలుగు రోజులు తీసుకున్నాడు.

ఏరి ఏరి సీమోనును పట్టాడు. అతని పలక మీద దయాగుణం అని ఉంది. అది నిజం కూడా. ఎవరి గంప బరువైనా తను అందుకునే మనిషి, కాలు విరిగిన మేకపిల్లను నెలరోజులు భుజాన మోసినవాడు. మొదటిరోజు సీమోను అడిగినవాళ్ళకు అడిగినంత పోశాడు. కుండ మూడింటికి అయిపోయింది, హాజరు పోయింది. ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. రెండోరోజు ముంతలో సగమే పోశాడు. మూడోరోజు, ఇందాక తాగినావు గదా అని మొహాలు గుర్తుపట్టడం నేర్చాడు. వారం తిరిగేసరికి కుండను కావిలించుకుని జనానికి వీపు పెట్టి కూర్చున్నాడు. మేస్త్రి ఆ వీపు చూసి హతాశుడయ్యాడు. దయాగుణం తుడిచి, లోపల లోభి అని రాశాడు.

తర్వాత లీదియా. ఆమెది తల్లి మనసని గోడ చెప్పింది. అయిదుగురు పిల్లల్ని కనడమే కాక, తల్లులు పనికెళ్ళిన బిడ్డలకు కూడా పాలిచ్చిన మనిషి. ఆమె మూడురోజులు నిలబడింది. నాలుగోరోజు సొంత మరిదితోనే, నీ దోసిలి మరీ పెద్దది, చేతులు దగ్గరికి పట్టమని తగువు పెట్టుకుంది. మేస్త్రి ఆమె పలక కూడా తుడిచాడు. పిసినిగొట్టు అని రాస్తుంటే సుద్ద విరిగింది.

ఈలోగా సీమోను గంప మోతకు తిరిగి వచ్చి, రెండురోజుల్లో మళ్ళీ అందరి బరువూ తనే అందుకోవడం మొదలుపెట్టాడు. అది కళ్ళారా చూసి మాలకొండయ్య ఏమనుకోవాలి? నటిస్తున్నాడనుకున్నాడు. అతని పలక మీద ఇంకో మాట చేర్చాడు.

గనిలో పనిచేసే జీవరత్నం పాలెం సంఘానికి పెద్ద. మిషను బడిలో చదువుకున్నవాడు. గోడ మీది రాతలు చదివి మిగతావాళ్ళకు చెప్పేది అతనే. ఒక సాయంత్రం షెడ్డు గడప బయట నిలబడి నెమ్మదిగా ఒకే మాట చెప్పాడు.

“మనుషుల్ని మార్చబాకండి మేస్త్రయ్యా. ఇంకొక కావడి పెట్టించండి, చాలు.”

మాలకొండయ్యకు తిక్కరేగింది. రెండో కావడికి శెట్టిగారిని అడగాలి. అడిగితే, ఒక్క కావడితో సర్దలేనివాడివి నువ్వేం మేస్త్రివని ఆయన అంటాడు. అదంతా జీవరత్నానికి చెప్పుకునేది కాదు కాబట్టి, ఎదురు చెప్పే గుణం గలవాడివని నీ పలక మీద ఊరికే రాయలేదని కసిరి పంపాడు. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాడు కూడా. ఆలోచించగా తేలిందేమంటే, గనిలో ఉన్నవాళ్ళంతా పొర విడవని ఒట్టి రాళ్ళే. కుండ దగ్గర కూర్చోదగిన గుణం గల మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. వాడి పలక పైమేకున ఉంది.

మర్నాడు మేస్త్రి స్వయంగా కుండ పక్కన చాప వేసుకుని కూర్చునేసరికి గనంతా పని ఆపి చూసింది. తనకూ అదే షరతని ప్రకటించాడు. మేస్త్రి హాజరు వేసేవాళ్ళు ఎవరూ లేరని అందరికీ తెలిసినా ఎవరూ అనలేదు. పొద్దున పూట చూసి తీరాలి ఆయన్ని. వచ్చినవాళ్ళకల్లా దోసిలి నిండా పోశాడు, చాలా ఇంకా కావాలా అని అడిగి మరీ పోశాడు, నీళ్ళు పొయ్యడం ఇంత తేలికైతే ఆ ఇద్దరికీ ఏం రోగమొచ్చిందని హాస్యమాడాడు. లీదియా చేతులు దగ్గరికి పట్టి తాగి వెళ్ళిపోయింది.

పదకొండింటికి కుండలో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మోచేతికి అందాల్సిన నీళ్ళు మునివేళ్ళకు అందాయి. సాయంత్రం శెట్టి రావచ్చు. వచ్చి కుండలో తొంగి చూడవచ్చు. నలభైమంది నోళ్ళు తెరిచి అరుస్తుండగా ఖాళీ కుండ పక్కన తను. అక్కడినుంచి మాలకొండయ్యకు వచ్చేవాళ్ళ మొహాలు కనబడడం మానేసి దోసిళ్ళు మాత్రమే కనబడసాగాయి. ముంతను కొంచెం వంచి, వెంటనే ఎత్తేసేవాడు. గొంతులో బిరుసు వచ్చింది. ఎవరో రెండోసారి వస్తుంటే దూరంనుంచే చెయ్యి ఊపి వెనక్కి పంపాడు. అలా ఊపుతున్నానని ఆయనకు తెలియనే తెలియదు.

ఎండ నడినెత్తికి వచ్చాక పుష్పమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. గని అడుగునుంచి రాతిపెళ్ళలు గంపతో పైకి మోసే పని ఆమెది. అందరిలోకీ ఆమె అంటే మాలకొండయ్యకు అభిమానం. ఆయన కొత్తగా గనికి వచ్చిన రోజుల్లో జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చింది ఆమే. ఆమె గంప దించి, దోసిలి పట్టి నిలబడింది. ఆయన ముందు కుండలోకి చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

“ఇందాకనే గదా అవ్వా తాగినావు” అన్నాడు.

పుష్పమ్మ పట్టిన దోసిలి వదిలేసి, గంప ఎత్తుకుని, గని మెట్ల వైపు తిరిగింది. నాలుగో మెట్టు మీద గంప ఒకవైపు పడింది, మనిషి ఒకవైపు పడింది.

తర్వాత మాలకొండయ్య చేసింది ఆయన గోడ మీద ఎక్కడా రాసి లేదు. ముసలామెను చేతుల మీద ఎత్తుకుని షెడ్డు నీడలోకి పరిగెత్తాడు. పలకలు కోసేవాళ్ళు అదేమిటని లేచారు. ఆయన వాళ్ళ కుండను రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆమె మొహం మీద, గుండెల మీద కుమ్మరించాడు. మైల పడిందని ఎవరో అంటే, వినపడనట్టే ఆమె అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి పుష్పమ్మ కళ్ళు తెరిచింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“నేను అట్లాంటోణ్ణి కాదవ్వా” అన్నాడు.

“కాదులే నాయనా, నాకు తెల్దా” అంది ఆమె. గొంతు పీలగా ఉన్నా మాట తేటగా ఉంది. “సీమోను గూడ అట్లాంటోడు కాదు, లీదియా గూడ కాదు. ఆ కుండ కాడ ఎవురు కూచున్నా అట్లనే ఐతారు. ఇంకొక కావడి పెట్టించు. అందరం మంచోళ్ళం ఐతాం.”

ముప్పయ్యేళ్ళుగా మనుషుల గురించి ఆయన తేల్చుకున్నదంతా ఆ ఒక్క మాటకు పొరలు పొరలుగా ఊడింది. బండ పక్కన కూర్చుని విన్నట్టే ఇప్పుడూ విన్నాడు, ఈ మాట ఎక్కడా బోలుగా పలకలేదు. సీమోను వీపు, లీదియా తగువు, తన చెయ్యి ఊపడం, అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. కుండ పెట్టినవాడు తనే, షరతు పెట్టినవాడు తనే, పలకలు తుడిచి తిట్లు రాసినవాడు కూడా తనే. పుష్పమ్మను సీమోను వీపున ఎక్కించి ఇంటికి పంపాడు. శెట్టి వచ్చేదాకా ఆగలేదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా ఊళ్ళోకి బయల్దేరాడు.

దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. రెండో కావడి లేకపోతే పని ఆపేస్తాను శెట్టిగారూ. మనిషి చచ్చిపోయేది ఈ రోజు. నన్ను తీసేస్తే తీసెయ్యండి. ఈ మూడు మాటలూ తిరిగి తిరిగి అనుకున్నాడు. మొదట మెల్లగా అనుకున్నాడు, రైలు కట్ట దాటాక పైకే అన్నాడు. ఎదురొచ్చిన బండివాడు ఎవరితో పోట్లాటని అడిగాడు కూడా. అంత ధైర్యంగా మాలకొండయ్య బతుకులో ఎన్నడూ నడవలేదు.

శెట్టి ఇంటి అరుగు మీద చాప వేసి ఉంది. మద్రాసునుంచి వచ్చిన పలకల వర్తకుడెవరో బాలీసు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. శెట్టి ఆయనకు తాంబూలం అందిస్తున్నాడు. మాలకొండయ్య వీధిలోనే, మెట్టు కింద, ఎప్పుడూ నిలబడేచోటే నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు ఎప్పుడు చంకలోకి వచ్చిందో, చేతులు ఎప్పుడు కట్టుకున్నాయో ఆయనకు తెలియదు.

శెట్టి ఆయన్ని చూసి, ఈయనే మా మేస్త్రి, ఈయనుండబట్టే గని ఇంత సవ్యంగా నడుస్తున్నదని వర్తకుడితో గొప్పగా చెప్పాడు. వర్తకుడు తల పంకించాడు. తర్వాత శెట్టి నవ్వు మొహంతోనే ఇటు తిరిగాడు.

“ఏం మాలకొండయ్యా, గలాటాలేం లేవు గదా? నీళ్ళు సరిపోతున్నాయా?”

మాలకొండయ్య నోరు తెరిచాడు. దారంతా కూర్చుకున్న మూడు మాటల్లో ఒక్కటి కూడా నోట్లో లేదు.

“సరిపోతున్నాయి శెట్టిగారూ” అన్నాడు. “మనుషుల గుణమే మంచిది కాదు.”

అయితే రేపటినుంచి మంచి గుణం గలవాణ్ణి ఒకణ్ణి చూసి కూర్చోబెట్టమన్నాడు శెట్టి. చిత్తం, చూస్తానని చెప్పి మాలకొండయ్య వెనక్కి తిరిగాడు.